మట్టిని ఆపే గోడ

(కొండవాలు బస్తీల మహిళా సంఘాల కోసం ప్రసంగ పాఠం)



కొండ మీద ఇల్లు ఉన్నవాళ్ళకి ఒక కష్టం బాగా తెలుసు. చదునైన చోటు దొరకదు. బిందె పెడితే ఒరుగుతుంది. మంచం వేస్తే ఒక కోడు కింద రాయి పెట్టాలి. పిల్లల బంతి చెయ్యి జారితే నాలుగు ఇళ్ళ కిందికి పోయి ఆగుతుంది.

విశాఖపట్నంలో ఇలాంటి కొండవాలు బస్తీలు చాలా ఉన్నాయి. విజయవాడలో మొగల్రాజపురం, గుణదల, చిట్టినగర్ వైపు కొండల మీద కూడా వేల ఇళ్ళు ఉన్నాయి. కింద చోటు కొనలేనివాళ్ళు కొండ ఎక్కారు. రాయి కొట్టి మెట్లు చేసుకున్నారు. గూడు కట్టుకున్నారు.

ఇప్పుడు ఇంకో అవసరం వచ్చింది. ఇంట్లో మొగుడో కొడుకో ఆటో నడుపుతాడు. సందు చివరిదాకా సిమెంటు రోడ్డు పడింది. ఆటో ఇంటిదాకా వస్తుంది. కానీ నిలపడానికి చోటు లేదు. వాలు మీద నిలిపితే చక్రాల కింద రాళ్ళు పెట్టాలి. కింద మెయిన్ రోడ్డు మీద వదిలేస్తే తెల్లారేసరికి బ్యాటరీ ఉండదు. అందుకని ఇంటి పక్కన వాలుని తవ్వి చదును చెయ్యాలనుకుంటారు. తవ్విన మట్టి జారకుండా ఒక గోడ కట్టాలనుకుంటారు.

ఈ రోజు మాట ఆ గోడ గురించే. దీన్ని ఇంజనీర్లు రిటైనింగ్ వాల్ అంటారు. పేపర్లో రక్షణ గోడ అని రాస్తారు. ఈ గోడ బాగా కడితే యాభై ఏళ్ళు ఉంటుంది. తప్పుగా కడితే ఒక్క వానకి పోతుంది. పోతే గోడ ఒక్కటే పోదు. కింది ఇంటి మీద పడుతుంది.

2024 ఆగస్టు 31న విజయవాడలో కుండపోత వాన కురిసింది. మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ళ మీద పడ్డాయి. ప్రాణాలు పోయాయి. అక్కడ పడింది కొండరాయి. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో పడింది గోడ. ఆ రోజు చందనోత్సవం. తెల్లవారకముందే భక్తులు క్యూలో నిలబడ్డారు. గాలివాన వచ్చింది. క్యూ పక్కన కొత్తగా కట్టిన గోడ వాళ్ళ మీద కూలింది. 7 మంది చనిపోయారు. పాత గోడ కూలిందంటే ముసలిదైపోయింది అనుకోవచ్చు. అది కొత్త గోడ.

కాబట్టి కొత్తగా ఉందా, సున్నం వేసి అందంగా ఉందా అనేది లెక్క కాదు. ఎలా కట్టారు అనేదే లెక్క.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఈ గోడని ప్రహరీ గోడ లాంటిదే అనుకుంటారు. రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి. పని మాత్రం వేరు. ప్రహరీ గోడ ఊరికే నిలబడితే చాలు. దానికి రెండు వైపులా గాలే. మట్టిని ఆపే గోడకి ఒక వైపు గాలి, ఒక వైపు కొండ. కొండ దాన్ని పగలూ రాత్రీ నెడుతూనే ఉంటుంది. ప్రహరీ కట్టినట్టు ఒక ఇటుక మందాన కట్టి వెనక మట్టి పోస్తే ఆ ఇటుకలు ఎంతకాలం ఓర్చుకుంటాయి?

మట్టి ఎందుకు నెడుతుంది? ఇది తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. చేట తీసుకోండి. అందులో బియ్యం గుప్పెడు గుప్పెడుగా ఒకే చోట పొయ్యండి. రాశి అవుతుంది. ఎంత పోసినా రాశి పక్కలు నిట్టనిలువుగా నిలబడవు. ఒక వాలుకి వచ్చి ఆగుతాయి. ఇంకా పోస్తే గింజలు జారి కిందికి వస్తాయి. ఇప్పుడు రాశికి ఒక పక్క మీ అరచెయ్యి నిలువుగా ఆనించండి. అటు నుంచి బియ్యం పొయ్యండి. అరచేతికి బరువు తగులుతుంది. చెయ్యి తీసెయ్యండి. అక్కడి గింజలు జారిపోతాయి.

మట్టి కూడా అంతే. దాని వాలు దానికి ఉంది. ఆ వాలుని కోసి నిలువుగా నిలబెడితే, జారిపోదామని చూసే మట్టి గోడ మీద ఒరుగుతుంది. అరచెయ్యి చేసిన పనే గోడ చేస్తుంది.

ఎంత బరువుతో నెడుతుంది? దీనికి లెక్క ఉంది. మామూలు పొడి మట్టి అనుకోండి. గోడ ఎత్తు 3 అడుగులు. అప్పుడు గోడ పొడవులో ఒక్కో అడుగు మీద దాదాపు 70 కిలోల తోపు పడుతుంది. అంటే 25 కిలోల బియ్యం బస్తాలు సుమారు మూడు. గోడ ఎత్తు 6 అడుగులు చేస్తే? ఎత్తు రెట్టింపు అయ్యింది కదా, ఆరు బస్తాలు అనుకుంటాం. కాదు. పన్నెండు బస్తాలు. ఎత్తు రెట్టింపు అయితే తోపు నాలుగు రెట్లు అవుతుంది. కింద ఉన్న మట్టికి పైన ఉన్న మట్టి బరువు కూడా కలుస్తుంది కాబట్టి ఇలా పెరుగుతుంది.

ఈ లెక్కని మీ నోటు పుస్తకంలో రాసుకోండి. 3 అడుగులకి 3 బస్తాలు. 6 అడుగులకి 12 బస్తాలు. చిన్న గోడ బాగా నిలబడింది కదా అని, అదే మందంతో దాని మీద ఇంకో మూడు వరసలు పేర్చే వాళ్ళు ఉంటారు. వాళ్ళకి ఈ లెక్క చూపించండి.

ఆటో నిలపడానికి 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు చోటు కావాలి అనుకుందాం. అక్కడ వాలు ఆ 12 అడుగుల వెడల్పులో 6 అడుగులు దిగింది. చదును ఎలా చెయ్యాలి? ఒక పద్ధతి, కింద 6 అడుగుల గోడ కట్టి వెనకంతా మట్టి నింపడం. ఇంకో పద్ధతి, పై సగం 3 అడుగుల లోతు తవ్వి, ఆ మట్టినే కింది సగంలో 3 అడుగుల ఎత్తు నింపడం. అప్పుడు కింద 3 అడుగుల గోడ ఒకటి, పైన తవ్విన చోట 3 అడుగుల గోడ ఒకటి కావాలి. రెండు గోడలు కదా, ఖర్చు ఎక్కువ అనిపిస్తుంది. కానీ లెక్క చూడండి. 6 అడుగుల గోడ మీద అడుగుకి 12 బస్తాలు. రెండు చిన్న గోడల మీద మూడు, మూడు. కలిపితే ఆరు. మట్టి బయటి నుంచి కొననక్కర్లేదు, తవ్విన మట్టి పారబొయ్యనక్కర్లేదు. మంచి మేస్త్రీలు ఈ రెండో దారే చెబుతారు.

నాలుగు అడుగులు దాటిన ఏ గోడకైనా మేస్త్రీ ఒక్కడి మాట చాలదు. ఇంజనీరు చూడాలి. గోడ పైన ఇల్లు ఉన్నా, గోడ కింద ఇల్లు ఉన్నా ఎత్తుతో పని లేదు, ఇంజనీరుకి చూపించాల్సిందే. కొండని తవ్వే ముందు మున్సిపల్ ఆఫీసులో అనుమతి అడగాలి. ఆ నేల మీ పట్టాలో ఉందా, ప్రభుత్వ కొండ పోరంబోకులో ఉందా అనేది కూడా అక్కడే తేలుతుంది.

ఇప్పటిదాకా చెప్పింది పొడి మట్టి సంగతి. అసలు శత్రువు వేరే ఉంది. అది నీరు.

వాన కురిసినప్పుడు కొండ మీద నీరు అంతా పైపైనే పారిపోదు. కొంత లోపలికి ఇంకుతుంది. ఇంకిన నీరు కిందికి దిగుతూ గోడ వెనక్కి చేరుతుంది. బయటికి దారి లేకపోతే అక్కడే నిలుస్తుంది. గోడ వెనక ఒక చెరువు తయారవుతుంది, కంటికి కనబడని చెరువు. అప్పుడు గోడ మట్టినీ ఆపాలి, నీటినీ ఆపాలి. 3 అడుగుల గోడ మీద అడుగుకి మూడు బస్తాలు అన్నాం. వెనక నీరు పైదాకా నిలిస్తే అది ఏడు బస్తాలు అవుతుంది. ఒక్క రాత్రి వానలో మూడు ఏడైతే గోడ ఏం చేస్తుంది? ముందుకు ఒరుగుతుంది. లేదా అడుగున జారుతుంది. గోడలు ఎండాకాలంలో కాకుండా వాన రాత్రుల్లో కూలేది ఇందుకే.

కాబట్టి ఈ గోడకి కన్నాలు ఉండాలి. నీరు కారిపోవాలి. ఇక్కడే చాలామంది అయోమయంలో పడతారు. “గోడకి కన్నాలు పెడితే బలం తగ్గదా?” అని అడుగుతారు. విజయవాడలో కృష్ణలంక పక్కన కృష్ణా నదికి కట్టిన పెద్ద గోడని కూడా రిటైనింగ్ వాల్ అనే అంటారు. 2024 సెప్టెంబరు వరదలో ఆ గోడ కృష్ణలంకని కాపాడింది. అది ఏటిని ఆపే గోడ. దాంట్లోంచి నీరు ఊళ్ళోకి రాకూడదు. కొండవాలు గోడ మట్టిని ఆపే గోడ. దాంట్లోంచి నీరు బయటికి రావాలి. పేరు ఒకటే, పని తలకిందులు.

ఈ సంగతి కొండ మీద సాగు చేసే వాళ్ళకి ఎప్పటి నుంచో తెలుసు. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం వైపు సవర గిరిజనులు ఉన్నారు. వాళ్ళు కొండవాలు మీద రాళ్ళు పేర్చి, మెట్లు మెట్లుగా మళ్ళు చేసి వరి పండిస్తారు. ఆ రాతి కట్టల్లో సిమెంటు ఉండదు. రాయి మీద రాయి కుదురుగా పేర్చి ఉంటుంది. మట్టి ఆగుతుంది. ఎక్కువైన నీరు రాళ్ళ సందుల్లోంచి కారి కింది మడిలోకి పోతుంది. సిమెంటు వచ్చాక సందులన్నీ మూసేశాం. గట్టిగా ఉందని సంతోషించాం. కారడానికి దారి ఉంచడం మరిచిపోయాం.

సరే, గోడ ఎలా కట్టాలి?

ముందు కాలం చూసుకోవాలి. సంక్రాంతి పండగ అయ్యాక పని మొదలుపెట్టాలి. రోహిణి కార్తె వచ్చేలోగా అంతా అయిపోవాలి. వానాకాలంలో కొండకి గునపం వెయ్యకూడదు. తవ్వి వదిలేసిన వాలు మీద వాన పడితే అది పచ్చి పుండు మీద దెబ్బ లాంటిది.

పై వైపు తవ్వేటప్పుడు 20 అడుగులూ ఒకేసారి కొయ్యకూడదు. నాలుగైదు అడుగులు తవ్వాలి, అక్కడ గోడ లేపాలి, తర్వాత పక్క ముక్క తవ్వాలి. తవ్విన గుంటలోకి పిల్లల్ని రానివ్వొద్దు. గట్టు మీద రాళ్ళ కుప్ప పొయ్యొద్దు. మీలో చాలామంది కూలి పనికి పోయి తట్టలు మోసినవాళ్ళే. గట్టు విరిగి కూలీల మీద పడిన వార్తలు ఏటా వింటూనే ఉంటారు. పై ఇంటి పునాది దగ్గరలో ఉంటే మాత్రం ఇంజనీరు రాకుండా ఒక్క గునపం దెబ్బ కూడా వెయ్యొద్దు.

పునాది గట్టి నేల దాకా పోవాలి. పైన ఉన్న వదులు మట్టి, చెత్త, ప్లాస్టిక్ సంచులు తీసెయ్యాలి. గునపం వేస్తే ఠంగుమని తిరిగొచ్చే నేల తగలాలి. విశాఖ చుట్టుపక్కల కొండలు ఎక్కువగా ఖొండలైట్ అనే రాయివి. ఆ రాయి పైపొర ఎండకీ వానకీ మెత్తబడి ఎర్రమట్టి అయిపోతుంది. చూడడానికి రాయిలా ఉంటుంది, చేత్తో నలిపితే పొడి అవుతుంది. అలాంటి దాని మీద పునాది వెయ్యకూడదు, అలాంటి రాయి గోడలో పెట్టకూడదు. సుత్తితో కొడితే ఖంగుమనే నల్లరాయి కావాలి.

3 అడుగుల గోడకి పునాది ఒకటిన్నర అడుగు లోతు, 3 అడుగుల వెడల్పు ఉంటే బాగుంటుంది. పునాది అడుగు వాలుగా ఉండకూడదు, మట్టంగా ఉండాలి. దాని మీద గోడ అడుగున రెండున్నర అడుగుల మందం, పైన ఒకటిన్నర అడుగు మందం. పెద్ద లెక్కలో చెప్పాలంటే, గోడ అడుగు మందం దాని ఎత్తులో మూడింట రెండు వంతులకి తగ్గకూడదు.

అంత మందం ఎందుకు? మీరు బరువైన తలుపుని లోపలి నుంచి ఎవరో తోస్తుంటే ఆపాలి అనుకోండి. కాళ్ళు దగ్గరగా పెట్టి నిటారుగా నిలబడతారా? నిలబడరు. కాళ్ళు ఎడంగా పెడతారు. తలుపు వైపు వాలతారు. గోడ కూడా అంతే చెయ్యాలి. అడుగు వెడల్పుగా ఉండాలి. బయటి ముఖం పైకి పోయేకొద్దీ కొండ వైపు మూడు నాలుగు అంగుళాలు వాలాలి. మిగిలిన తేడా లోపలి వైపు మెట్లుగా తగ్గాలి. నిట్టనిలువుగా కట్టిన గోడ కొంచెం కదిలినా ముందుకు ఒరిగినట్టే.

రాళ్ళు పేర్చడంలోనే మేస్త్రీ పనితనం ఉంది. రాయి వెడల్పు ముఖం కిందికి రావాలి. కింది వరస అతుకు మీద పై వరస రాయి రావాలి. కొందరు బయటికి ఒక వరస, లోపలికి ఒక వరస అందంగా పేర్చి, మధ్యలో చిల్లర రాళ్ళు, మట్టి నింపేస్తారు. బయటికి ఏమీ తెలియదు. అలాంటి గోడ ఒక గోడ కాదు, రెండు పలచని గోడలు. నాలుగైదు అడుగులకి ఒకచోట గోడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పోయే పొడుగు రాయి వెయ్యాలి. మొగుడూ పెళ్ళాలకి కొంగుముడి వేసినట్టు అది రెండు ముఖాలనీ కలిపి ఉంచుతుంది. సున్నితంగా చెప్పినా సరే, ఈ రాయి దగ్గర మాత్రం మొహమాటపడకండి. దగ్గర నిలబడి వేయించండి.

సిమెంటు ఒకటికి ఇసుక ఐదు పాళ్ళు. ఉప్పునీటి ఇసుక వద్దు. కట్టిన తర్వాత కనీసం పది రోజులు తడపాలి. గోడ తడపడం ఎప్పుడూ ఆడవాళ్ళ పనే అవుతుంది. బిందెలతో నీళ్ళు కొండ ఎక్కించేది మీరే. ఆ పది రోజుల నీళ్ళూ సిమెంటు ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. కూలి లెక్కల్లో ఆ పని ఎవరూ రాయరు.

కన్నాల సంగతి. మూడు అంగుళాల పైపు ముక్కలు గోడ కట్టేటప్పుడే పెట్టాలి. తర్వాత ఉలితో కొట్టి పెడదాం అంటే ఒప్పుకోవద్దు. బయటి నేలకి జానెడు ఎత్తులో, నాలుగు అడుగులకి ఒకటి చొప్పున పెడితే 20 అడుగుల గోడకి ఐదు కన్నాలు. పైపు బయటి వైపుకి కొంచెం వాలాలి. లోపలి కొస దగ్గర మట్టి తగలకూడదు. తగిలితే మొదటి వానకే మూసుకుపోతుంది. పైపు మూతి దగ్గర గుప్పెడంత రాళ్ళు, వాటి వెనక కంకర, దాని వెనక దొడ్డు ఇసుక వెయ్యాలి. ఈ కంకర పొర గోడ వెనక పొడవునా అడుగు మందాన కింది నుంచి పైదాకా ఉండాలి. టీ వడగట్టినట్టు నీరు వస్తుంది, మట్టి లోపలే ఆగుతుంది.

గోడ కట్టిన రెండు వారాల దాకా వెనక మట్టి నింపకూడదు. నింపే ముందు పాత వాలు మీద గడ్డి చెక్కేసి, మెట్లుగా కొయ్యాలి. లేకపోతే కొత్త మట్టి పాత వాలు మీద చాప మీద చాప జారినట్టు జారుతుంది. మట్టి ఒకేసారి పొయ్యొద్దు. అర అడుగు మందాన పొయ్యాలి, నీళ్ళు చిలకరించాలి, దిమ్మిసతో కొట్టాలి. మళ్ళీ అర అడుగు. ఇలా ఆరు పొరలు. విసుగు పని. కానీ కొట్టకుండా నింపిన చోట ఆటో నిలిపితే ఆర్నెల్లకి చక్రం దిగిపోతుంది. దిగిన గుంటలో నీరు నిలుస్తుంది. ఆ నీరు మళ్ళీ గోడ వెనక్కే చేరుతుంది.

చదును అంటే పూర్తిగా మట్టంగా అని కాదు. పది అడుగులకి రెండు మూడు అంగుళాలు పక్క కాలువ వైపు వాలు ఉండాలి. ఆటోకి ఆ వాలు తెలియదు, నీటికి తెలుస్తుంది. ఆటో చక్రం గోడ అంచుకి 3 అడుగుల ఎడంగా ఆగేలా ఒక రాతి గట్టు వెయ్యాలి. మనుషులు ఎక్కిన ఆటో బరువు గోడకి పెద్ద భారం కాదు, అడుగుకి ఇంకో బస్తా కలిపినట్టు. ఇసుక ట్రాక్టరుని మాత్రం ఆ చదును మీదికి రానివ్వొద్దు.

ఎంత రాయి కావాలో ముందే లెక్క వేసుకోవచ్చు. గోడ అడుగున రెండున్నర, పైన ఒకటిన్నర. సగటు 2 అడుగులు. ఎత్తు 3, పొడవు 20. 2 ఇంటూ 3 ఇంటూ 20, మొత్తం 120 ఘనపు అడుగులు. పునాది 3 అడుగుల వెడల్పు, ఒకటిన్నర లోతు, 20 పొడవు. అది 90. రెండూ కలిపి 210. రెండు గోడలకి 420 ఘనపు అడుగులు. రాయి తోలేవాడు ఒక ట్రాక్టరుకి ఎన్ని ఘనపు అడుగులు వస్తాయో చెప్పమనండి. తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి గుణించండి. వాడు చెప్పిందీ మీకు వచ్చిందీ ఒకటే అవునో కాదో అక్కడికక్కడే తెలుస్తుంది.

మేస్త్రీతో ఒప్పందం నోటి మాటగా వద్దు. కాగితం మీద ఉండాలి. పెద్ద పత్రం అక్కర్లేదు. ఇలా రాసుకోవచ్చు:

“గోడ పొడవు 20 అడుగులు. పైకి ఎత్తు 3 అడుగులు. పునాది లోతు ఒకటిన్నర అడుగు, వెడల్పు 3 అడుగులు. గోడ మందం అడుగున రెండున్నర, పైన ఒకటిన్నర. నాలుగు అడుగులకి ఒక నిలువెడల్పు రాయి. నీటి కన్నాలు 5. వెనక అడుగు మందం కంకర. సిమెంటు 1, ఇసుక 5. కూలి మూడు వాయిదాలు. పునాది అయ్యాక ఒకటి, గోడ అయ్యాక ఒకటి, మట్టి నింపాక ఒకటి.”

కింద తేదీ, రెండు సంతకాలు. ఇందులో ఏ మాటా మీరు చదవలేనిది కాదు. పునాది మూసేసే ముందు టేపు పెట్టి కొలవండి. మూసేశాక లోపల ఎంత లోతు ఉందో దేవుడికే తెలుసు.

ఇంకో పెద్ద విషయం, కింది ఇంటి సంగతి. గోడ కట్టేది పై ఇంటివాళ్ళు. ప్రమాదం కింది ఇంటివాళ్ళకి. ఆటో నిలిపే సుఖం ఒకరిది, వాన రాత్రి భయం ఇంకొకరిది. కన్నాల్లోంచి వచ్చే నీరు సూటిగా కింది ఇంటి వంటగది గోడకి తగిలితే కింది ఇల్లాలు ఏం చేస్తుంది? గుడ్డలు కుక్కి కన్నాలు మూస్తుంది. ఆమె తప్పు కాదు. తన ఇల్లు తడుస్తోంది మరి. కానీ కన్నం మూస్తే గోడ వెనక చెరువు నిండుతుంది. ఆ గోడ పడేది కూడా ఆమె వంటగది మీదే.

అందుకని గోడ కట్టే ముందే పై ఇంటి వదినా, కింది ఇంటి అక్కా కూర్చుని మాట్లాడుకోవాలి. గోడ అడుగున చిన్న సిమెంటు కాలువ కట్టాలి. కన్నాల నీరు దాంట్లో పడి సందు కాలువలోకి పోవాలి. ఆ కాలువ ఖర్చు గోడ కట్టేవాళ్ళే పెట్టుకోవాలి. ఇందులో బేరం లేదు. స్నానాల నీరు, గిన్నెలు కడిగిన నీరు, ట్యాంకు పొంగిన నీరు ఏవీ గోడ వెనక ఇంకకూడదు. వాన నాలుగు నెలలే. ఇంటి వాడకం నీరు పన్నెండు నెలలూ ఇంకుతుంది. మరుగుదొడ్డి గుంట గోడకి దగ్గరగా తవ్వడం అన్నింటికన్నా చెడ్డది.

తవ్వగా మిగిలిన ఖాళీ వాలు మీద వట్టివేళ్ళ గడ్డి నాటుకోవచ్చు. దాని వేళ్ళు పక్కలకి పోవు. నిలువుగా చాలా లోతుకి దిగి మట్టిని కుట్టినట్టు పట్టుకుంటాయి. గోడ సందులో రావి మొక్క మొలిస్తే మాత్రం వేలెడు ఉన్నప్పుడే పీకెయ్యాలి. దేవుడి చెట్టు అని వదిలేస్తే అది గోడని చీలుస్తుంది. పీకిన మొక్కని ఇంకోచోట నాటితే సరి.

ఇప్పటికే గోడలు ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలి? వాన మొదలయ్యే ముందు ఒకసారి చూసుకోవాలి. గోడ మధ్యలో పొట్టలా ఉబ్బిందా? దారానికి రాయి కట్టి గోడ పై అంచు నుంచి వేలాడదీయండి. గోడ బయటికి ఒరిగి ఉంటే రాయి గోడకి దూరంగా వేలాడుతుంది. చదును మీద గోడకి వరసగా పొడుగు బీట కనబడిందా? అది అన్నింటికన్నా పెద్ద గుర్తు. గోడ కొండని వదిలి బయటికి వస్తోందని అర్థం.

బీట పాతదా, ఇంకా పెరుగుతోందా అని తెలుసుకునే ఉపాయం ఒకటుంది. గోడ మీది బీటకి అడ్డంగా రెండు అంగుళాల వెడల్పున సిమెంటు పూత పట్టీ వెయ్యండి. ఆరాక దాని మీద మేకుతో ఆ రోజు తేదీ గీయండి. నెల తర్వాత చూడండి. పట్టీ అలాగే ఉంటే బీట ఆగింది. పట్టీ చిట్లితే గోడ కదులుతోంది. అప్పుడు ఆ తేదీ వేసి అర్జీ రాసి మున్సిపల్ ఆఫీసులో ఇవ్వండి. అర్జీ రెండు కాగితాలు రాసి, ఒక దాని మీద అందినట్టు సంతకం చేయించుకోండి. “గోడ బాగాలేదు” అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. “ఫలానా తేదీన వేసిన పట్టీ ఫలానా తేదీకి చిట్లింది, గోడ కింద ఇన్ని ఇళ్ళు ఉన్నాయి” అని రాయండి.

గట్టి వాన పడ్డప్పుడు కన్నాల వైపు చూడండి. తేట నీరు వస్తుంటే గోడ తన పని చేస్తోంది. ఎర్రగా బురద నీరు వస్తుంటే లోపలి మట్టి కొట్టుకుపోతోంది. చుట్టూ వాన కురుస్తున్నా కన్నాల్లోంచి చుక్క కూడా రాకపోతే అవి మూసుకుపోయాయి. పొడుగు ఇనుప చువ్వతో బయటి నుంచి పొడిచి తెరవాలి. ఆ పని పగలు, వాన తెరిపి ఇచ్చాక చెయ్యాలి. వాన పడుతుండగా ఉబ్బిన గోడ ముందు ఎవరూ నిలబడకూడదు.

రాత్రి వానలో పైనుంచి చిన్న చిన్న రాళ్ళు రాలుతున్న చప్పుడు వినబడినా, తలుపు ఉన్నట్టుండి బిగుసుకుపోయినా, నేల మీద కొత్త బీట కనబడినా సామాను కోసం ఆగొద్దు. పిల్లల్ని, ముసలివాళ్ళని లేపి పక్కకి, గోడ కింద లేని చోటికి పోవాలి. సూటిగా కిందికి పరుగెత్తకూడదు. ఆ రాత్రి ఏ ఇంటివాళ్ళు ఎక్కడికి పోవాలో, స్కూలు తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో, కింది ఇంటి ముసలమ్మని ఎవరు లేపాలో ఈ సమావేశంలోనే అనుకుని, సంఘం పుస్తకంలో పేర్లతో రాసుకోండి. ముసురు పట్టే నెలలు దగ్గరలోనే ఉన్నాయి.